మిగులు నలభై ఒక్క రూపాయి

అకౌంట్స్ సెక్షన్ వారికి,
పర్లాకిమిడి నుంచి రాస్తున్నాను.
మీరిచ్చిన అరవై వేలకి లెక్క అడిగారు.

జీపు అద్దెకి రసీదు లేదు.
మహేంద్రగిరి వాలులో రోడ్డు ఆగినచోట జీపూ ఆగింది,
మిగతాది నడిచాం.
నడకకి మీ ఫారంలో గడి లేదు. నేనూ అడగను.

సాహు కొట్టు బిల్లు ఒడియాలో ఉంది,
తర్జుమా కావాలన్నారు:
టార్చి సెల్లులు ఇరవై నాలుగు, అటుకులు, బెల్లం,
జలగలకి ఉప్పు, పొగాకు.
జలగలు ఏ పద్దు కిందకొస్తాయో మీరే చెప్పాలి.

ఐస్ పెట్టె, రొయ్యలమ్మే ఆవిడ వాడి వదిలేసింది.
కప్పల చర్మం తుడిచిన దూది పుల్లలు
అందులోనే కొండ దిగాయి.
ల్యాబులో మూత తీసినవాళ్ళు ముక్కు మూసుకున్నారట.
ఫలితం ఇంకా రాలేదు.
ఆ రోగం ఈ కొండకి రాలేదనే రావాలని
మొక్కుకోలేదు గానీ
ఫోను మోగితే ఉలిక్కిపడుతున్నాను.

బుద్ధియా గమాంగో కూలి, పదమూడు రాత్రులు.
వేలిముద్ర మసగ్గా ఉందని తిప్పి పంపారు.
ముప్పై ఏళ్ళు పోడు కొట్టిన వేలు, గీతలు అరిగిపోయాయి.
మళ్ళీ వేయించినా అంతే.

కప్ప కనబడని రాత్రికి కూలెందుకన్నారు.
కనబడలేదని రాయడమే ఈ పనిలో సగం.
జీడితోటకి మందు కొట్టిన పక్క, కింది గెడ్డ దగ్గర
ఆరు రాత్రులు చెవులు రిక్కించి కూర్చున్నాం.
నీళ్ళ చప్పుడు. అంతే.
"నా సిన్నప్పుడు ఈ గెడ్డ కాడ
మనిసి మాట మనిసికి ఇనబడీది కాదమ్మా" అన్నాడు.

ఎగువ గెడ్డ మీదకి వంగిన కొమ్మకి
చెట్టుకప్ప నురుగు గూడు ఒక్కటే ఒకటి.
ఏడో రాత్రి వాన పడింది. గూడు కరిగి
తోకకప్పలు నీళ్ళలోకి
టపుక్.
టపుక్.
రికార్డరు సరిగ్గా అప్పుడే సెల్లు అయిపోయి ఆగింది.
చీకట్లో గమాంగో వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు, ముప్పై నాలుగు.
ఆ అంకెకి సాక్ష్యం
మీరు తిప్పి పంపిన వేలే.

మిగులు నలభై ఒక్క రూపాయి
డీడీ తీసి వాపసు చేయమన్నారు.
డీడీకి కమిషను యాభై.
"ఆ డబ్బులేవో కప్పలకే ఉంచీయమ్మా" అన్నాడు గమాంగో.
రెండు సెల్లులు కొన్నాను, రసీదు జతపరిచాను.
ఇంకా రూపాయి ఉంది. ఏం చేయాలో ఉత్తరం రాయండి.

పొద్దుటి నుంచి మబ్బు పట్టింది.
ఈ రాత్రి మళ్ళీ కింది గెడ్డకి పోతున్నాం.
కూలి వద్దన్నాడు,
కాబట్టి ఇది మీ లెక్కలోకి రాదు.

ఇట్లు,
తాలాడ శర్వాణి