బల్ల విడిచినప్పుడు

ఆదివారం పదకొండింటికి
ద్వారకానగర్‌లో జెరాక్సు షాపు మీద రెండో అంతస్తు.
ఆరు ప్లాస్టిక్ బల్లలు, పన్నెండు మంది ఆటగాళ్ళు,
తిరిగీ తిరగని ఒక ఫ్యాను,
సముద్రపు ఉక్కకి మెత్తబడి
అప్పడాల్లా వంగిన కార్డులు.
నా చొక్కాకి పిన్నీసుతో ఒక బిళ్ళ: జడ్జి.

మిగతా ఆరు రోజులూ పోర్టు వేబ్రిడ్జి దగ్గర
లారీల బరువు రాస్తాను.
నిండు బరువులోంచి ఖాళీ బరువు తీసేస్తే సరుకు.
అందులో వాదన ఉండదు.

ఇక్కడ అంతా వాదనే.
"బదులుగా" అంటే ఏమిటి,
"ఆపైన" అంటే ఎంతసేపటికి,
"కావాలంటే" అని రాస్తే
వద్దనుకునే హక్కు ఎప్పటిదాకా.
అరచేతిలో పట్టే కార్డు అడుగున
చీమతలంత అక్షరాల్లో ఒక వాక్యం,
దాని మీద గంటసేపు తగువు.
ఆ తగువంటే నాకు ఇష్టం.
మా ఆవిడ రాసిచ్చే సరుకుల చీటీ కూడా
నేనింత శ్రద్ధగా చదవను.

మొన్న మూడో రౌండు.
అటు శ్రీవత్స పట్నాయక్, ఇంజనీరింగు మూడో ఏడు,
కార్డులకి తొడుగులు, తొడుగులకి మళ్ళీ తొడుగులు.
ఇటు ఎల్లాజీ, ఏడో క్లాసు,
రబ్బరు బ్యాండు చుట్టిన కట్ట.
పట్నాయక్ దీపస్తంభం బల్ల మీద వెలుగుతోంది:
"చచ్చే ప్రతి పడవా, చావుకి బదులుగా, ఆటలోంచే పోతుంది."
ఎల్లాజీ ముసలి తెప్పకి దెబ్బ తగిలింది.
"నాకు రెండు కార్డులు రావాలండి," అన్నాడు గుంటడు.

నేను గొంతు సవరించుకుని
"బదులుగా" అన్న మాటని విప్పి చెప్పాను.
బదులు వచ్చినచోట అసలుది జరగనట్టే.
తెప్ప చావలేదు.
చావనిదానికి చావుఫలం లేదు.
ఎంత బాగా చెప్పానంటే
పక్క బల్లవాళ్ళు కూడా తలలూపారు.

ఎల్లాజీ ఓడిపోయాడు.
కట్టకి రబ్బరు బ్యాండు రెండు చుట్లు వేసి
కిందికెళ్ళి బండి దగ్గర మురీ మిక్చర్ తిన్నాడు.

మంగళవారం నైట్ డ్యూటీ.
బొగ్గు లారీ ఎక్కింది, అంకె నిలబడటం లేదు.
నిలబడేదాకా చూస్తూ ఉంటే
ఆ తెప్ప కార్డు కళ్ళ ముందుకొచ్చింది.
దాని మీద "చచ్చినప్పుడు" అని లేదు.
"బల్ల విడిచినప్పుడు" అని ఉంది.

నేను చదవలేదు.
నాకు తెలిసిన మాటని దాని మీద పరిచి
దాన్నే చదివాను.
డ్రైవరు హారన్ కొట్టాడు. బరువు ఎప్పుడో నిలబడిందట.

తెల్లారి డ్యూటీ దిగి ఫిషింగ్ హార్బరుకి పోయాను.
ఐసు నీళ్ళు, వంజరాల బుట్టలు, వేలంపాట కేకలు.
బడికి ముందు, వాళ్ళ పిన్ని పక్కన
రొయ్యలు వలుస్తున్నాడు.
"ఒరే, మొన్న నేను చెప్పింది తప్పురా.
నీకు రెండు కార్డులు రావాలి."
చేతులు ఆపలేదు.
"తెలుసండి.
పడవ జెట్టీ ఇడిసెల్తే సచ్చిపోయినట్టేటి?"
"మరి అప్పుడే అనొచ్చు కదా?"
"గోడకి మీరే అంటించినారు కదండి.
పద్నాలుగో రూలు:
ఆట అయ్యేదాకా జడ్జి మాటే ఆకరు."

వాళ్ళ పిన్ని తలెత్తింది.
"ఏటి బాబూ, పేకాటేటి? డబ్బులాటేటి?"
"కాదమ్మా, చదివే ఆట," అన్నాను.
అన్నాక నాకే సిగ్గేసింది.

వాడు చెయ్యి లాగుకి తుడుచుకుని
జేబులోంచి ఒక కార్డు తీశాడు.
"మరి ఇదేటండి?
ఇద్దరి అలలూ ఒక్కసారే లెగిస్తే
ముందు ఎవులిది?"

జవాబు నాలిక చివరిదాకా వచ్చింది.
మింగేశాను.
రొయ్య వాసనేస్తున్న కార్డుని
ఎండలోకి తిప్పుకుని
మొదటి అక్షరం దగ్గర వేలు పెట్టాను.