పాలుకు తెచ్చిన మేక

అంకీసల మేకను కొనుక్కునేటోళ్లు తక్కువ,
పాలుకు తెచ్చుకునేటోళ్లే ఎక్కువ.
పాలంటే తాగే పాలు గాదు.
మేక ఆమెది, మేపుడు నాది,
ఈనిన పిల్లల్ల ఆమెకొకటి, నాకొకటి.
కాగితం లేదు, ఏలిముద్ర లేదు.
బానక్క తాడు తెచ్చి నా చేతుల పెట్టింది,
అంతే.

ఐదు నెలలు అది మోసింది,
నేనూ మోసిన:
రేగు కొమ్మలు నెత్తిన, తుమ్మకాయలు కొంగుల,
నాకేదారు తిట్లు చెవుల.
ముసురు పట్టినప్పుడు గుడిసెల ఒక మూల దానిది,
మిగిలిన మూడు మూలలు మా నలుగురివి.

ఈనిన రాత్రి కరెంటు లేదు.
నా బిడ్డ ఫోన్ లైటు పట్టింది.
మొదటిది నల్లది, పడంగనే లేచి నిలబడ్డది.
రెండోది తెల్ల చెవులది,
ముందటి కాలు మడత పడి వచ్చింది.
ఊపిరి లేకుంటే ముక్కుల ఊదిన.

మూడు నెలలకు బానక్క వచ్చింది.
చాయ్ తాగింది. వానల సంగతి అడిగింది.
పిల్లల నడుములు ఒత్తి చూసి
నల్లదాన్ని సంకకెత్తుకుంది.
రివాజు అదే, మేక గలామె ముందు ఏరుకుంటది.
నేను భూమి దిక్కు చూసిన.
అక్కడ చీమలున్నయి.
చానా సేపు చూసిన.

కుంటిది బతికింది.
"సిరోంచ బజార్ల దీన్ని ఎవడు కొంటడే?"
బచత్ గట్టు బాయిలు నవ్విండ్రు.
అమ్మితే గద.
రెండేండ్లల్ల మూడు మార్లు ఈనింది,
పిల్లల్ల ఏదీ కుంటది గాదు.

పోతును బజారుకు కొట్టుకపోతే
బేరగాడు మగోళ్లతోని తువ్వాల కింద వేళ్లు పట్టి మాట్లాడిండు,
ఆడదాని చెయ్యి పట్టనని
నాకు మాత్రం నోటితోని చెప్పిండు, అందరు ఇనంగ.
నేనూ అందరు ఇనంగనే
ఇంకో ఐదు నూర్లు ఎక్కువ చెప్పిన.
ఆ పైసలల్ల బిడ్డకు పాత సైకిలు,
మా ఆయన దవాఖాన బాకీల సగం.
మిగిలిన సగం ఇంకా అట్లనే ఉన్నది.

నిరుడు ఒక మరకపిల్లను
చిన్నుబాయికి పాలుకిచ్చిన.
తాడు చేతుల పెట్టిన, అంతే.

ఇయ్యాల పంపకం.
చాయ్ తాగిన. వానల సంగతి అడిగిన.
రెండు పిల్లలు, ఒకటి దిట్టంగ, ఒకటి బక్కగ.
బక్కదాన్నే తీసుకోవాలె అనుకున్న,
తొవ్వ పొడుగునా అదే అనుకుంట వచ్చిన.
నడుములు ఒత్తి చూసినంక
చెయ్యి దిట్టమైనదాని మీదనే ఆగింది.

చిన్నుబాయి భూమి దిక్కు చూసింది.
అక్కడ చీమలుంటయని
నాకెరుకే.