సున్నా పాయింట్ ఎనిమిది

గుంటూరులో బతికేవాళ్లకి కారం సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు.
నాకు మాత్రం ఒక ఉప్పు పేరు చెప్పారు,
లిథియం అని.

ఆ మే నెల నాలుగు రాత్రులు నిద్రపోలేదు నేను.
కోల్డ్ స్టోరేజీ గోడవార కూర్చుని
బస్తా వెనక బస్తా తొడిమలు తీశాను,
మంట చేతులకి తెలియనే లేదు.
చెవికమ్మలు ఊడదీసి ఆటో అబ్బాయికిచ్చేశాను.
వాడు భయపడి, ఇల్లు వెతుక్కుంటూ తెచ్చేసరికి
నేను గోడవైపు తిరిగి పడుకునున్నాను,
దసరా వెళ్లేదాకా.

పెద్దాసుపత్రిలో ప్రసూన డాక్టరమ్మ
"మస్తాన్‌బీ, కదలకు" అంది.
గొట్టంలాంటి మిషను. లోపల డబడబ చప్పుడు.
అద్దంలో మొహాలొస్తాయి, నవ్వేవి, కోప్పడేవి,
ఏది ఏదో మీట నొక్కి చెప్పాలి.
కోపం మొహాలన్నీ మా మేస్త్రీవే.

తర్వాత నా మెదడు చూపించింది,
నానిన చింతపండు ముద్ద, బూడిద రంగులో.
"ఆ మే నెల ఇందులో ఎక్కడుందమ్మా?"
పెన్ను మొన ఒకచోట పెట్టింది. తీసేసింది.
"ఇంకా తెలీదు. నీలాంటోళ్లు అరవైమంది కావాలి."
తెలీదని ఒప్పుకున్న డాక్టర్ని
అప్పుడే చూడ్డం.

నెలనెలా రక్తం తీస్తారు.
యార్డులో కాటా మీద బస్తాలా నన్నూ తూస్తారు.
సున్నా పాయింట్ ఎనిమిది.
తగ్గితే మే నెల, పెరిగితే విషం.
చెమట పోస్తే ముల్లు జరుగుతుందట,
అందుకే ఒళ్లో నీళ్ల సీసా, మజ్జిగలో ఉప్పు.

వేళ్లు సన్నగా వణుకుతాయి.
తొడిమ రెండోసారికి గానీ తెగదు,
కూలీ ఆ మేరకు తక్కువ.
అయినా సరే, మింగుతున్నాను.

ఆ నాలుగు రాత్రులూ ఎంత బాగున్నానో
అదొక్కటీ
డాక్టరమ్మకి చెప్పలేదు.