ఒక్కటే పట్టీ

ఖోర్ ఫక్కాన్‌ల పొద్దు పొడువక ముందే
షట్టరు సగం లేపి కూసున్న.
బల్ల మీద ఉక్కు పలక.
వీపంత పొడుగు, మూడు కిలోల చల్లదనం.
సీసం దిండ్లు నడుముకు కట్టుకునే బదులు
బరువునే ఎముక చేసి ఇచ్చినట్టుంటది.

రాత్రి వింగుల గాలి నింపి పెట్టిన.
రెక్క అని పేరు గని
చూడ వ్యవసాయబాయిల మేము ఈత నేర్సుకున్న లారీ ట్యూబే.
పొద్దున వేలుతోని మీటితే డప్పు లెక్క మోగింది.
కారుతలేదు.
అయినా సబ్బునీళ్లు రాసి, చెవి పెట్టి విన్న.
నాలుగేండ్ల నుంచి నా చెవులు చేస్తున్న కొలువిదే.

పట్టీ ఒక్కటే. కుట్టు లేదు, ముడి లేదు.
ఎడమ నడుం కాడ మొదలై
పలక కింది చీలికల దూరి, చంక కిందికెల్లి
రొమ్ము మీదికొచ్చి, భుజమెక్కి,
మెడ వెనుక ఇటు దిగి అటు లేచి
కుడి భుజం మీంచి మల్ల నడుముకే వస్తది.
కొత్త పట్టీ మాట వినది.
అంచు కోసుకొని బొటనవేలు మండుతది.

ఇది ఇయ్యాల ఎవలి కొరకూ కాదు.
జోవెల్ అన్నడు నిన్న, పడవ తాడు చుట్టుకుంట:
"అందరికి కొలిచి పంపుతవు,
నీ ఒళ్లు ఎప్పుడు కొలుస్తవ్?"

బ్యాంకు దొరలొస్తరు దుబాయ్ నుంచి.
కొండెక్కే సంచి లెక్క బిగియ్యమంటరు.
వద్దు సార్, అంట.
భుజం కింద పిడికిలి దూరాలె.
నీళ్లల్ల ఊపిరి పీలిస్తె రొమ్ముకు జాగ కావాలె.
ఇది నాకు ఏ పుస్తకం చెప్పలే.
తెల్లారగట్ల తాటిచెట్టు మొదట్ల నిలబడి
మోకు చుట్టుకుంట బాపు అన్నడు:
"చెట్టుకు నీకు నడుమ సందుండాలె.
బిగిస్తె ఎక్కవు. వదులైతె నిలువవు."
ముత్తాదుల కత్తులు గలగలమన్నయి.
పాదాలకు గుజి తగిలిచ్చుకొని ఆయన పోయిండు పైకి.
నేను నాలుగు మూరలెక్కి
కండ్లు మూసుకొని చెట్టును కావలిచ్చుకున్న.
దించుకోనీకి ఇద్దరొచ్చిండ్రు.
కొన్నొద్దులు ఊరంత నవ్వింది.

ఎత్తుకు దడిసినోన్ని.
గందుకే కావచ్చు, సముద్రం ఒడ్డుకు పడ్డ.

రింగులు బొటనవేలు ఆనే తావున జరిపిన.
తొడల నడుమ పట్టీ కూసుంటే గుచ్చద్దు,
నిలబడితే వేలాడద్దు.
కట్టుబెల్టు తడిపి సిలిండరుకు బిగించిన.
పొడిగ బిగిస్తె నీళ్లల్ల జారుతది.
తల వెనక్కి వంచిన, వాల్వుకు తగిలింది.
రెండు వేళ్లు దించిన.
మిగిలిన కొస కత్తిరియ్యలే.
కత్తిరిస్తే మల్ల అతుకది.

దాద్‌కరీం పడవ ఆపిండు షార్క్ ద్వీపం కాడ.
వెనక్కి పడ్డ.
ఐదు మీటర్ల కాడ జోవెల్ చెయ్యి చూపిండు: ఆగు.
ఒక్క ఊపిరి గాలి వింగుకు ఇచ్చిన.
ఆగిన.

కింద ఇసుక. మీద వెలుగు.
పట్టుకోనీకి చెట్టు లేదు.
నడుముకు పట్టీ ఆనిన కాడ,
బాపుకు మోకు రాసి నల్లగ కాయ కాసిన కాడ,
ఎవరో నన్ను నిలబెట్టినట్టు అనిపించింది.
ఓ పసుపు చేప వచ్చి
నా మోకాలు చూసి, నచ్చక, పోయింది.

పడవెక్కినంక జోవెల్ అడిగిండు, ఎట్లుంది?
ఎడమ భుజం అంగుళం వదులున్నది, అన్న.

నిజమే. నా ఎడమ భుజం జర కిందికుంటది.
బాపుదీ అంతే,
కల్లు లొట్లు మోసీ మోసీ.
నేనేం మోసిన్నో
ఎంత ఆలోచించినా గుర్తుకు రాలే.

ఎనిమిదికి షట్టరు పూర్తిగ లేపిన.
బల్ల మీద ఎవరిదో పలక,
ఎవరిదో పొట్ట కొలత.
నాది మేకుకు వేలాడుతున్నది,
ఉప్పునీళ్లు కారుకుంట,
అంగుళం బిగించి,
కొస ఇంకా పొడుగ్గనే ఉంచి.