తిరగేసిన జెండా

డండీ ఊళ్ళో, టే నది మీంచి కొట్టే చలిగాలికి
కిటికీ రెక్కలు బిగించుకున్న మేడమీది గదిలో
పన్నెండడుగుల బల్ల మీద
ఆమెని బోర్లా పడుకోబెట్టాను.
జెండాని ఆమె అనడం నా అలవాటు.
రిపోర్టులో అలా రాయను.

ముందు వైపు అందరూ చూసిందే:
ఎర్ర పట్టు, బంగారు అంచు,
నడుమ దేవతలాంటి ఒకావిడ,
చేతిలో కాగడా, కాళ్ళకి చెప్పుల్లేవు,
ఒంటికి ఒక్క నారపోగైనా అంటలేదు.
కింద మూలన చిత్రకారుడి సంతకం,
దూరం నుంచి కూడా చదువుకునేంత.

వెనక్కి తిప్పితే గోనెపట్టా.
మిల్లులోంచి ఎత్తుకొచ్చిందే అయ్యుంటుంది,
కొన్నట్టు ఎక్కడా లెక్క లేదు.
అంచు పొడవునా కుట్టు:
జానెడు దాకా చీమలబారు,
ఆపైన అంగలేసినట్టు పెద్దపెద్ద టాకాలు,
తర్వాత ఎవరో ఎడమచేతివాటం మనిషి.
భూతద్దం పెట్టి పదకొండు చేతులు లెక్కపెట్టాను.
పన్నెండోది చిన్నపిల్లదేమో,
ప్రతి ముడీ రెండుసార్లు వేసింది
ఊడిపోతుందని భయమేసి.

మరకలు: టీ. తుప్పు. కర్ర దూర్చిన చోట చెమట.
ఒకటి నెత్తురేమోనని పరీక్షకి పంపితే
బీట్‌రూటని తేలింది.
సమ్మెలోనూ ఆకలేస్తుంది కదా మనుషులకి.

ఆ మిల్లుల మోతలో మాట వినపడక
చేతులతోనే కబుర్లాడుకునేవాళ్ళట ఆడవాళ్ళు.
నాకిది ఎవరూ చెప్పక్కర్లేదు.
నెల్లిమర్ల జనపనార మిల్లులో
ముప్పై ఏళ్ళు చేసిన మా పైడమ్మ పెద్దమ్మ
అన్నాల దగ్గర కూడా చేతులతోనే అడిగేది
చారు పొయ్యనా, ఉప్పు చాలిందా అని.
మేం పిల్లలం ఆ చేతుల్ని అనుకరించి పగలబడేవాళ్ళం.
"ఏటి, నవ్వులాటగుందేటి?" అనేది, తనూ నవ్వుతూ.
గేటు ముందు నలభై రోజులు కూచున్నప్పుడు
పాత చీర చింపి జెండా కుట్టింది.
ఫొటోలో మైకు పట్టుకున్నాయన ఉన్నాడు.
జెండా సగం ఉంది.
కర్ర పట్టుకున్న రెండు వేళ్ళున్నాయి.
గోరు చిట్లిన ఆ బొటనవేలు నేనెరుగుదును.

నా వృత్తికి ఒకటే నీతి:
మా కుట్టు కనపడకూడదు.
వెంట్రుకకన్నా సన్నటి పట్టుదారం,
రేపెవరైనా విప్పాలంటే విప్పుకునేలా.
ఎంత బాగా చేస్తే అంత లేనట్టు.
అలా, పదమూడో చెయ్యిగా,
ఆ అంచున నేను కూచున్నాను.

ఆడవాళ్ళ పోరాటాల కళ మీద ప్రదర్శన.
ముందు వైపే పెడదామన్నాడు డంకన్, పోస్టరుకి బాగుంటుంది.
వెనక అద్దం పెట్టి గోనె కూడా చూపిద్దామన్నాను.
బడ్జెట్ చూడాలన్నాడు.
ఆ మాట కిందటి వారమే విన్నాను,
నేలలు తుడిచేవాళ్ళ గంటలు కోసినప్పుడు.

ముందు గేటు దగ్గర, వానలో,
మోరాగ్, ఇంకో ఆరుగురు.
అట్టముక్క మీద నల్ల మార్కరుతో
"మీ చరిత్రని తుడిచేది మేమే."
మనసులో తెలుగు చేసుకుంటే రెండర్థాలొచ్చాయి.
నవ్వు రాబోయి ఆగింది.

మూడు రోజులు పక్క తలుపు గుండా వెళ్ళాను.
వీసా గడువనీ, పిల్లకి జ్వరమనీ...
సాకుల్ని కూడా టాకా కనపడకుండా కుట్టగలను.

నాలుగో రోజు ముందు గేటుకే పోయాను.
వానకి అట్ట ఉబ్బి పొరలు విడిపోతోంది.
నోరు పెగల్లేదు, చేతులే ముందు కదిలాయి.
సంచిలోంచి నారటేపు తీసి
వెనకనుంచి అతికించాను,
అడ్డదిడ్డంగా, అందరికీ కనపడేలాగే.

సమ్మె అయ్యాక దీన్ని మాకిస్తారా అనడిగాను,
పెట్టెలో, చీకట్లో, వందేళ్ళు చెక్కుచెదరదు.
మోరాగ్ నా వంకా, నా చేతుల వంకా చూసింది.
"దీంతో ఇంకా పనుంది" అంది.
"ఆ కొస పట్టుకో."