మూత

నూట అరవై మందికి ఒకటే డేగిశ.
సోహార్ పోర్టు అవతల, మా క్యాంపు వంటశాలల,
బేస్తారం రాత్రి పొట్టేలు కూర వండిన.
మూడు గంటలు తెర్లింది,
ఎముకల మూలుగ సుత కరిగింది.
ఇగ ఏం పురుగు బతుకుతదని
మంట బందు వెట్టి, మూత వెట్టి,
మూత మీద ఇటుక వెట్టి పన్న.

బతికింది.

శుక్రవారం పగటీలి జరంత వెచ్చజేసి పోసిన.
సగం రాత్రికి నలభై ఒక్కమంది.
ఆరే లెట్రిన్లు. మిగిలిన ముచ్చట చెప్ప.

ఆస్పత్రి ల్యాబుల షీజ మేడం, మలయాళపామె,
ఆమెకూ నాకూ సగం సగం వచ్చిన హిందీల చెప్పింది:
అది మట్టిల ఉంటదట, మన పేగులల్ల ఉంటదట,
పొట్టేలు పేగులల్ల సుత.
మంట మీద చావదట, గింజ లెక్క ముడుచుకొని పంటదట.
కూర గోరువెచ్చగయ్యేదాక ఓపిక వడ్తదట.
చిక్కటి పులుసు అడుగున, గాలి సొరని కాడ
లేస్తదట.
పది నిమిషాలకు ఒకటి రెండైతదట.
గాలి లేకుంట బతికేటిది ఏదన్న ఉంటదా మేడం
అని అడుగబోయి
పన్నెండు మంచాల మా గది యాదికొచ్చి
అడుగలే.
పేరు సుత చెప్పింది. నోరు తిరుగలే నాకు,
క్లాస్ట్రీ కాడనే ఆగిన.

సూపర్‌వైజర్ నా గోర్లు చూసిండు.
మున్సిపాలిటోళ్లు గోర్ల కింద గీకి డబ్బిల వెట్టుకపోయిండ్రు.
వంటాయన చేతులు శుభ్రం, అని కాయితమొచ్చింది,
పద్నాలుగు రోజుల జీతం కోసినంక.

ఇప్పుడు మూత వెట్ట.
దించంగనే పదకొండు ట్రేలల్ల పల్చగ పోసి
ఐసు గడ్డల మీద వెడ్త, ఫ్యాను తిప్పుత,
పొద్దుగాల మళ్ల బుగబుగ తెర్లిస్త.
మూత లేని గిన్నె చూస్తే మా అవ్వ తిట్టేది,
బల్లి వడ్తదని.
బల్లి కండ్లకు కనవడ్తదే, అవ్వా.

మఫీజుల్ అని బరిసాల్ పిలగాడు.
ఆ శుక్రవారం ప్లేటు చాపి
ఉస్తాద్, ఇయ్యాల మస్తుంది, అని
రెండోసారి వచ్చిండు.
పోసింది నేనే. గరిటె లోపలికంట దించి
అడుగునున్న చిక్కటిది,
ముక్కలేరి.

నాలుగొద్దులకు ఆస్పత్రి నుంచి వచ్చిండు.
ఇయ్యాల్టికి ఏడు శుక్రవారాలు.
పప్పు పోయించుకుంటడు.
కూర గరిటె నేనెత్తంగనే
ప్లేటు ఇంత పక్కకు జరుపుతడు.
నవ్వుతడు. మంచిగనే నవ్వుతడు.