పచ్చ మూలలు

పైసాందూలో అక్టోబరంటే
గొర్రెలు చలికోటు విప్పే నెల.
గోదాములో గట్టిగా ఊపిరి పీలిస్తే
ముక్కులోకి ఉన్ని నూగు,
తడి పేడ, మైనం లాంటి కొవ్వు వాసన.
ఆఫీసు గదిలో
నేలిదా బారెనెచే గారి కంప్యూటరు.
తెర నిండా బేళ్ల పట్టిక.
గడిగడికీ పై ఎడమ మూల
పచ్చటి త్రికోణం,
చిలక కొరికి వదిలేసిన జామకాయల్లా
రెండు వేల గడులు.

"అంకెను అక్షరంగా దాచావు" అంటుంది యంత్రం.
అవును, దాచాను, అంటారావిడ.
"సున్నా సున్నా నలభై ఏడు.
ఇది అంకె కాదురా, పేరు.
దీన్ని ఎవరితోనూ కూడం, ఎవరితోనూ హెచ్చించం.
ముందున్న సున్నాలు రాల్చేస్తే
ఆ మందకి ఇంటిపేరు పోయినట్టే."
భద్రపరచిన ప్రతిసారీ ఇంకో పెట్టె పైకి లేస్తుంది:
నిజంగానేనా?
నిజంగానే, అని నొక్కుతారు.
నిజంగానే. నిజంగానే.
మధ్యాహ్నానికి
ఆ మాటకి అర్థం అరిగిపోయేది.

"చెవిలో జోరీగ. దీని నోరు మూయించగలవా?"
నాకు ఇరవై మూడేళ్లు.
మూయించలేనిదంటూ ఉంటుందా?

తొమ్మిది వరసల మాక్రో రాశాను.
హెచ్చరికలు చూపడం: తప్పు.
వెనకనుంచి తనిఖీ చేయడం: తప్పు.
తప్పు చూపించడమే తప్పని రాసి
పైగా ఇంకో వాక్యం, నాకెంతో ముచ్చటైనది:
ఎక్కడ తట్టుకున్నా ఆగకు,
తర్వాతి మాటకి నడిచిపో.

బొత్తాం నొక్కగానే
తెర కడిగిన పలక.
నేలిదా గారు తన మాతే బుర్రలో
వేడినీళ్లు పోసి, తన గొట్టంతోనే
ముందు నాకిచ్చారు.
ఇక్కడ అది చిన్న మర్యాద కాదు.

మూడు వారాలు
రేకుల మీద వాన తప్ప
మమ్మల్నెవరూ ఏమీ అడగలేదు.

తర్వాత ఒలెగారియో వచ్చాడు,
గిచోన్ అవతలి నుంచి, టోపీ చేత్తో పట్టుకుని,
బూట్ల బురద గుమ్మంలోనే రాల్చి.
పదకొండు బేళ్లు వేశాడు. చెక్కు రాలేదు.
కోపంగా అడిగినా బాగుండేది.
"ఈసారి నా ఉన్ని
అంత నాసిగా ఉందా అమ్మా?"
అని అడిగాడు.

ఆవిడ వేలు తెర మీద పాకింది.
రెండువందల పదమూడో వరస దగ్గర
కూడిక ఆగిపోయింది.
రెండువందల పద్నాలుగులో అతను,
వానరోజు సాయంత్రం ఇంటికెళ్లే తొందరలో
చివరన నేనే ఇరికించిన పేరు.
పైనున్న మొత్తం గడి
ఆ రోజు నుంచీ చెబుతూనే ఉండాలి:
పక్కవాణ్ని వదిలేశావు, పక్కవాణ్ని వదిలేశావు.
దాని నోటికి అడ్డంగా
నా అరచెయ్యి.

నేలిదా గారు నన్నేమీ అనలేదు.
చెక్కు రాసి, మేనేజరు సంతకానికి తనే వెళ్లి,
తిరిగొచ్చి కూర్చుని,
చాలాసేపటికి అన్నారు:
"నేను జోరీగని తోలమన్నాను.
నువ్వు కుక్కకి కూడా
నోరు కట్టేశావు."

ఆ రాత్రి సహాయ పుటలు చదివాను, మొదటిసారి.
హెచ్చరికలన్నీ ఒకే గొంతు కాదట.
అక్షరమైన అంకెకి ఒక మీట,
వదిలేసిన గడులకి వేరే మీట,
పొరుగు సూత్రంతో పొసగని సూత్రానికి ఇంకోటి.
ఒక్కదాన్నే ఆర్పాను.
సున్నాలు వాటి పేర్లతో వాటిని బతకనిచ్చాను.
ముచ్చటైన ఆ వాక్యాన్ని
పన్ను పీకినట్టు పీకేశాను.

మర్నాడు మాక్రో నడుస్తూ నడుస్తూ
నాలుగో వరసలో టక్కున ఆగింది,
పసుపు పట్టీ కట్టుకుని,
ఇక్కడేదో ఉంది చూడు, అన్నట్టు.
సిగ్గేసింది. హాయిగానూ ఉంది.
దాన్ని సరిచేశాక
పట్టిక మొత్తమ్మీద
ఒకే ఒక్క పచ్చ మూల మిగిలింది,
పదిహేడో వరసలో.

అదేమిటో ఇంకా తేలలేదు.
బయట లారీ హారన్ కొడుతోంది.
"ఉండమను" అని
నేలిదా గారు
కళ్లజోడు తుడుచుకుంటున్నారు.